క్రియ వెంట నడచు చిన్నమాటలు

లాకప్, లాకౌట్ అను రెండు మాటలు తెలుగువారికి క్రొత్తవి కావు. పోలీసు ఠాణాలో నిందితుని ఉంచు గది లాకప్. మిల్లు యజమాని గేటునకు తాళము వేసి కార్మికులను పనిలోనికి రానీయకుండుట లాకౌట్. రెండింటను జరుగు పని తాళము వేయుటయే. రెండింటను ఉన్న ఆంగ్లక్రియ 'లాక్' అనునది ఒక్కటే. కాని మొదటిచోట మనిషి తాళమునకు లోపల ఉండును. రెండవచోట వెలుపల ఉండును. ఈ భేదమును కల్పించినది క్రియ కాదు. దాని వెంట నడచిన 'అప్', 'అవుట్' అను చిన్నమాటలు.

ఇట్లు ఒక క్రియయు, ఒకటి రెండు చిన్న అవ్యయములును కలిసి ఒకే అర్థము నిచ్చు కూర్పును ఆంగ్లవ్యాకర్తలు 'ఫ్రేజల్ వర్బ్' అందురు. తెలుగులో పదబంధక్రియ అనవచ్చును. రేడియో వార్తావిభాగములలో పనిచేయు మావంటివారికి వీనితో నిత్యపరిచయము. వార్తాసంస్థలు పంపిన ఆంగ్లప్రతిని, ఒక కన్ను గడియారముపై నుంచి, తెలుగు చేయువేళ ఈ చిన్నమాటలే మమ్ము నిలిపి ప్రశ్నించును. కార్మికసంఘము సమ్మెను 'కాల్' చేసినదనిన, సమ్మెకు పిలుపు ఇచ్చినదని అర్థము. 'కాల్ ఆఫ్' చేసినదనిన, విరమించినదని అర్థము. మంటలు 'బ్రేక్ అవుట్' అయినవనిన చెలరేగినవని. మంటలను 'పుట్ అవుట్' చేసిరనిన ఆర్పివేసిరని. రెండుచోట్లను ఉన్నది ఆ 'అవుట్' అను మాటయే. ఒక ప్రభుత్వము సంధి ప్రతిపాదనను 'టేక్ అప్' చేసినదనిన చర్చకు చేపట్టినదని. 'టర్న్ డౌన్' చేసినదనిన త్రోసిపుచ్చినదని. మూడక్షరముల మాట ఒకటి కంటికి తప్పినచో, సమ్మె లేని ఊరిలో సమ్మె జరుగును. యుద్ధము వచ్చుచోట శాంతి వచ్చును.

ఇచట ఒక విచిత్రము గమనింపదగినది. మన కళాశాలలలో చదివినవారికి 'ఎక్స్‌టింగ్విష్' అనిన తెలియును, 'పోస్ట్‌పోన్' అనిన తెలియును, 'టాలరేట్' అనిన తెలియును. అదే అర్థము గల 'పుట్ అవుట్', 'పుట్ ఆఫ్', 'పుట్ అప్ విత్' అను మాటలు వినబడినప్పుడు పెక్కుమంది తడబడుదురు. ఆంగ్లేయుల ఇంటిలో పుట్టిన బిడ్డకు ఇది తలక్రిందులు. ఆ బిడ్డ తల్లి ఒడిలో ముందుగా నేర్చునవి 'పుట్ ఆన్', 'గెట్ అప్', 'సిట్ డౌన్' వంటివి. బడికి పోయిన తరువాత, గ్రంథములు చదివిన తరువాత, పెద్దమాటలు నేర్చును. మన విద్యార్థి నిచ్చెనను పైమెట్టునుండి ఎక్కనారంభించినాడు. ఇది బుద్ధిలోపము కాదు. దీనికి చరిత్ర కలదు. ఆ చరిత్రను సంగ్రహముగా చెప్పుటయే మా ఉద్దేశము.

క్రీస్తుశకము 5వ శతాబ్దములో ఆంగ్లులు, శాక్సనులు మున్నగు జర్మనిక్ జాతులవారు సముద్రము దాటి బ్రిటనులో స్థిరపడిరి. వారి భాష ప్రాచీన ఆంగ్లము. ఆ భాషలో ఈ చిన్నమాటలు తరచుగా క్రియకు ముందు నిలిచెడివి. 'ఊట్‌గాన్' అనిన వెలుపలికి పోవుట. 'ఇన్‌గాన్' అనిన లోనికి పోవుట. నేడు అవియే తిరుగబడి 'గో అవుట్', 'గో ఇన్' అయినవి. క్రియకు ముందు నిలిచి అర్థమును మార్చు మాటలు మనకు అపరిచితములు కావు. సంస్కృతములో 'హృ' అను ఒక్క ధాతువునకు వేర్వేరు ఉపసర్గలు చేరగా ఆహారము, విహారము, సంహారము, పరిహారము అను పొంతన లేని అర్థములు పుట్టుచున్నవి. అన్నము తినుటకును, ప్రాణము తీయుటకును ధాతువు ఒక్కటే. ప్రాచీన ఆంగ్లము కూడ అట్టి ఉపసర్గల భాషయే. ఆనాటి ఆనవాళ్లు నేటికిని 'అండర్‌స్టాండ్', 'ఓవర్‌కమ్', 'ఫర్గివ్', 'విత్‌స్టాండ్' వంటి మాటలలో మిగిలియున్నవి. 'విత్‌స్టాండ్' అనిన ఎదిరించి నిలుచుట. అందలి 'విత్' అను మాటకు 'తోడ' అని కాక 'ఎదురుగా' అను పాతకాలపు అర్థము నిలిచియున్నది.

ఈ సందర్భమున పాణిని మహర్షిని తలచుకొనవలసియున్నది. ఉపసర్గ ధాతువునకు ముందే ప్రయోగింపబడవలెనని ఆయన అష్టాధ్యాయి మొదటి అధ్యాయము నాలుగవ పాదములో నియమించెను. ఆ వెంటనే రెండు సూత్రములు చేర్చి, వేదభాషయందు అది ధాతువునకు వెనుకను ఉండవచ్చుననియు, రెండింటి నడుమ ఇతరపదములు చొరవచ్చుననియు చెప్పెను. అనగా వేదకాలమున స్వేచ్ఛగా తిరిగిన ఉపసర్గ, తరువాతి సంస్కృతములో ధాతువునకు ముందు కట్టుబడినది. ఆంగ్లము ఇందుకు ఎదురుదారిలో నడచినది. ముందున్న మాట కట్టు విడిపించుకొని క్రియకు వెనుకకు చేరినది. నడుమ ఇతరపదములకు చోటిచ్చినది. నేటి ఆంగ్లేయుడు 'పుట్ ద మీటింగ్ ఆఫ్' అని క్రియను ఒకచోటను, దాని తోడును మరియొకచోటను ఉంచి మాటలాడునప్పుడు, పాణిని వేదభాషకు మాత్రమే అనుమతించిన స్వేచ్ఛ వంటిదానినే అనుభవించుచున్నాడు.

ఈ మార్పు ఎట్లు వచ్చినది? ఒక కారణము భాషలోపలనే కలదు. పాత ఉపసర్గలు చిరకాలపు వాడుకచే అరిగిపోయి, పెక్కింటి అర్థము పలుకువారికే తోచకుండెను. అర్థము స్పష్టముగా తెలియు 'అప్', 'అవుట్', 'ఆఫ్' వంటి మాటలను క్రియ తరువాత నొక్కి చెప్పు అలవాటు బలపడినది. రెండవ కారణము వెలుపలినుండి వచ్చినది. 793లో లిండిస్‌ఫార్న్ మఠముపై జరిగిన దాడితో ప్రసిద్ధికెక్కిన వైకింగులు, 9వ శతాబ్ది ద్వితీయార్ధమున ఇంగ్లండు ఉత్తర, తూర్పు భాగములలో కాపురములుండిరి. ఆ ప్రాంతమునకే 'డేన్‌లా' అను పేరు కలిగినది. వారి నార్స్ భాష ఆంగ్లమునకు దాయాది. ఇరుగుపొరుగు ఊళ్లలో ఉండి, సంతలలో బేరములాడి, పెండ్లిసంబంధములు చేసికొన్న ఈ రెండు జాతుల భాషలును కలిసిపోయెను. 'టేక్' అను క్రియయే కాక, 'దే' అను సర్వనామము సైతము నార్స్ నుండి వచ్చినవే. నార్స్ భాషలో చిన్నమాటలు క్రియకు వెనుక నడచుట మెండు. ఆ వాడుక ఆంగ్లమును తనవైపు లాగినదని కొందరు పండితులును, ఆంగ్లములో అదివరకే మొలకెత్తిన మార్పునకు అది నీరు పోసినది మాత్రమేనని మరికొందరును అందురు.

ఆ డేన్‌లా ప్రాంతములోనిదే పీటర్‌బరో మఠము. అచటి సన్న్యాసులు వ్రాసిన దేశవృత్తాంతము 1154 వరకు సాగినది. స్టీఫెన్ రాజు కాలపు అంతర్యుద్ధమును వర్ణించు ఘట్టములో, చెస్టర్ ప్రభువైన రానల్ఫ్ తన కోటలన్నియు అప్పగింతునని ప్రమాణము చేసి, కొన్నింటిని అప్పగించి, కొన్నింటిని అప్పగింపక నిలుపుకొనెనని వారు వ్రాసిరి. అప్పగించుట అను అర్థమున వారు వాడిన మాట నేటి 'గివ్ అప్' నకు పూర్వరూపమే. 'ఇచ్చు' అను క్రియకు 'పైకి' అను మాట చేరి 'వదలుకొను' అను అర్థము వచ్చినది. మాట నిలుపుకొనని ఒక ప్రభువు కథలో, పదబంధక్రియ ఇట్లు తొలినాటి రూపమున మనకు దర్శనమిచ్చుచున్నది.

అప్పటికే ఇంగ్లండును మరియొక భాష ఏలుచుండెను. 1066లో నార్మండీ ప్రభువు విలియం ఆ దేశమును జయించిన పిమ్మట రాజసభలోను, న్యాయస్థానములలోను ఫ్రెంచి భాష, మఠములలోను విద్యాలయములలోను లాటిను ప్రబలియుండెను. ఆంగ్లము పొలములలోను, వంటయిండ్లలోను, పశువులకొట్టములలోను మిగిలినది. న్యాయస్థానములలో వాదములు ఆంగ్లమున జరుగవలెనని శాసనము చేయుటకు 1362 వరకు ఆగవలసివచ్చినది. ఈ మూడు శతాబ్దముల ఫలముగా ఆంగ్లమున రెండంతస్తుల పదసంపద ఏర్పడినది. క్రింది అంతస్తున 'గివ్ అప్'. పై అంతస్తున 'సరెండర్'. క్రింద 'పుట్ ఆఫ్', పైన 'పోస్ట్‌పోన్'. క్రింద 'త్రో అవుట్', పైన 'ఎజెక్ట్'. పైవి గౌరవనీయములనియు, క్రిందివి మోటువనియు ఒక భావము నాటుకొన్నది.

అయితే పైమాటలను విప్పిచూచినచో వింత కనబడును. 'పోస్ట్‌పోన్' లో 'పోస్ట్' అనిన లాటినులో తరువాత. 'పోనెరె' అనిన ఉంచుట. 'ఎజెక్ట్' అనిన వెలుపలికి విసరుట. 'రిజెక్ట్' అనిన వెనుకకు విసరుట. 'సరెండర్' లోని 'సర్' అనిన ఫ్రెంచిలో పైన. 'రెండర్' అనిన ఇచ్చుట. అనగా గౌరవనీయములైన ఈ పెద్దమాటలును ఒకనాడు ఒక భాషలో చిన్నమాటయు, క్రియయు కలిసిన కూర్పులే. రెండు అంతస్తులకును ఇటుక ఒక్కటే.

పండితుల చిన్నచూపు ఎట్లున్నను, ప్రజల నాలుకపై పదబంధక్రియలు పెరుగుచునే యుండెను. షేక్స్పియరు నాటకములలో అవి విరివిగా కనబడును. 1755లో తన మహానిఘంటువును ప్రకటించిన శామ్యూల్ జాన్సన్, పీఠికలో వీనిని ప్రత్యేకముగా ప్రస్తావించెను. 'కమ్ ఆఫ్', 'గివ్ ఓవర్', 'సెట్ ఆఫ్', 'టేక్ ఆఫ్' వంటి కూర్పులను ఉదాహరించి, పరదేశీయులకు అత్యంతము కష్టమైనది ఈ భాగమేయని గుర్తించి, వీనిని తాను శ్రద్ధతో సేకరించితినని చెప్పెను. లాటిను పదములపై మిక్కిలి మక్కువగల రచయితగా పేరొందిన జాన్సనే, పరదేశి విద్యార్థి కష్టమును ఇంత సానుభూతితో గుర్తించుట మెచ్చదగినది. 1884 మొదలు 1928 వరకు భాగములుగా వెలువడిన ఆక్స్‌ఫర్డు ఆంగ్లనిఘంటువు తొలికూర్పులో అన్నిటికంటె దీర్ఘమైన ఆరోపము ఏ గంభీరపదమునకో కాక 'సెట్' అను మూడక్షరముల క్రియకు దక్కినది. ఆ నిఘంటు సంపాదకులలో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ సూచించినదిగా చెప్పి, లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో తన గ్రంథమున 'ఫ్రేజల్ వర్బ్' అను పేరును వాడెను. ఎనిమిది వందల ఏండ్లుగా జనము పలుకుచున్న కూర్పునకు నామకరణము ఇరువదవ శతాబ్దములో జరిగినది.

ఇక ఆంగ్లము మన దేశమునకు వచ్చిన తీరును చూతము. 1835లో మెకాలే వ్రాసిన విన్నపము, 1857లో మద్రాసు విశ్వవిద్యాలయ స్థాపన మనము బడిలో చదివిన విషయములే. ఆంగ్లము మన ఇండ్లలోనికి దాదిగానో, పొరుగింటి పిల్లవానిగానో రాలేదు. కచేరీలో ఉత్తరువుగను, న్యాయస్థానములో తీర్పుగను, కళాశాలలో పరీక్షాపత్రముగను వచ్చినది. మనవారు చదివిన గద్యము బేకన్, అడిసన్, జాన్సన్ వంటివారిది. మనవారు వ్రాసిన గద్యము అర్జీలు, నివేదికలు. ఇవి అన్నియు పై అంతస్తు భాష. మేడపై తిరుగుటకు అలవాటుపడిన అతిథికి వంటయింటి దారి తెలియకుండుట అతని దోషము కాదు. అతనిని ఎవ్వరును ఆ దారిని తీసికొనిపోలేదు.

ఈ దారి చూపుటకు ఇరువదవ శతాబ్దములో కొందరు ప్రయత్నించిరి. 1930లో సి. కె. ఆగ్డెన్ 850 మాటలతో 'బేసిక్ ఇంగ్లీష్' అను సంక్షిప్తభాషను ప్రతిపాదించెను. అందు క్రియలు 18 మాత్రమే. 'గెట్', 'పుట్', 'గివ్', 'టేక్' వంటి ఆ క్రియలకు 'అప్', 'అవుట్', 'ఆఫ్' లను చేర్చి తక్కిన క్రియల పని నడపవచ్చునని ఆయన భావన. మాటల సంఖ్య తగ్గినది గాని కష్టము తగ్గలేదు. 'గివ్' తెలిసి 'అప్' తెలిసినంతమాత్రమున 'గివ్ అప్' తెలియదు కదా! జపానులో ఆంగ్లము బోధించిన ఎ. ఎస్. హార్న్‌బీ, సహచరులతో కలిసి, విద్యార్థులకొరకే ఒక నిఘంటువును కూర్చి 1942లో టోక్యోలో ప్రకటించెను. విద్యార్థి ఏ మాటను ఏ మాటతో ఎట్లు కూర్చవలెనో అది చూపినది. అనంతరము 1975లో ఆక్స్‌ఫర్డు వారును, 1989లో కాలిన్స్ వారును ఈ కూర్పులకే ప్రత్యేకనిఘంటువులు వెలువరించిరి. మన దేశములో ఆంగ్లబోధన సంస్కరణకై 1958లో హైదరాబాదులో నెలకొల్పబడిన కేంద్ర ఆంగ్లసంస్థయే పెరిగి నేడు ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయముగా ఉన్నది.

ఇంతవరకు చరిత్ర. ఈ చరిత్ర నేర్చుకొనువానికి ఏమి ఉపకరించును? మొదటి ఉపకారము భయము తీరుట. ఇట్టి కూర్పులు మన తెలుగున లేనివి కావు. 'ఎదురు' అను మాటను చూడుడు. చూచుటకు చేరినచో ఎదురుచూచుట. తిరుగుటకు చేరినచో ఎదురుతిరుగుట. పడుటకు చేరినచో ఎదురుపడుట. ఎదురుచూచువాడు ప్రేమతో నిరీక్షించును. ఎదురుతిరుగువాడు కోపముతో ధిక్కరించును. 'బయటపడు', 'పైకివచ్చు', 'చేపట్టు', 'తలపెట్టు' వంటివి అట్టివే. కష్టపడి పైకివచ్చినవాడు మేడ ఎక్కినవాడు కాడని మన పసిపిల్లలకును తెలియును. మరి, 'తినెను' అనుటకును 'తినివేసెను' అనుటకును భేదమేమి? 'వేయు' చేరగనే పళ్లెములో ఏమియు మిగులలేదని స్ఫురించును. ఆంగ్లమున 'ఈట్ అప్' లోని 'అప్' చేయు పని అదియే. 'యూజ్ అప్', 'డ్రింక్ అప్', 'బర్న్ అప్' అను మాటలలోను ఆ 'అప్' మీదికి అని కాక, పూర్తిగా అనియే చెప్పుచున్నది. తెలుగున క్రియ చివర నిలుచును గనుక మన తోడుమాట ముందు వచ్చుట, లేదా రెండు క్రియలు జంటయగుట సహజము. ఆంగ్లమున అది వెనుక వచ్చును. పద్ధతి వేరు, ప్రాణము ఒక్కటే.

రెండవది, చిన్నమాట మూలార్థమును పట్టుకొనుట. 'ఆఫ్' అనిన విడివడుట. 'పుట్ ఆఫ్' లో పని నేటినుండి విడివడినది, 'కాల్ ఆఫ్' లో తలపెట్టినదే విడిపోయినది. 'అవుట్' అనిన వెలుపలికి. దాగినది వెలికివచ్చుట 'ఫైండ్ అవుట్', ఉన్నది లేకపోవుట 'డై అవుట్'. ఈ సూత్రము ప్రతిచోట నడవదు. నడచినంతమేర విద్యార్థి భారమును తగ్గించును.

మూడవది, స్థానము. నామవాచకమైనచో 'పుట్ ఆఫ్ ద మీటింగ్' అనియు, 'పుట్ ద మీటింగ్ ఆఫ్' అనియు రెండు విధముల అనవచ్చును. సర్వనామమైనచో 'పుట్ ఇట్ ఆఫ్' అని నడుమనే ఉంచవలెను. కాని 'లుక్ ఆఫ్టర్' వంటివి విడిపోవు. 'లుక్ ఆఫ్టర్ ఇట్' అనియే అనవలెను. దీనిని గుర్తించుటకు చెవి తోడ్పడును. విడిపోవు కూర్పులలో ఆంగ్లేయుని గొంతు సామాన్యముగా చిన్నమాటపై ఊనును. 'లుక్ ఎట్ ఇట్' వంటిచోట ఊనిక క్రియమీదనే నిలుచును. ఆంగ్లవార్తలను రేడియోలో వినునప్పుడు ఈ ఊనికను గమనించుచు వినుడని మా మనవి. పుస్తకము పదిపుటలలో చెప్పలేనిది చెవి ఒక్క వాక్యములో పట్టుకొనును.

మరియొక హెచ్చరిక. మన దేశములో కళాశాల చదువు ముగించుటను 'పాస్ అవుట్' అనుట వాడుక. బ్రిటనులో సైనికశిక్షణ ముగించినవారి విషయమున ఆ మాట చెల్లును. ఇతరత్రా అక్కడను, అమెరికాలోను 'పాస్ అవుట్' అనిన స్పృహ తప్పి పడిపోవుట. విదేశములకు చదువులకును, ఉద్యోగములకును పోవు మన యువకుడు తాను ఫలానా సంవత్సరమున 'పాస్ అవుట్' అయితినని చెప్పినచో, వినువారు ఒక క్షణము కలవరపడుదురు. మన వాడుక తప్పని మేము అనము. ప్రతిసీమకును దాని వాడుక కలదు. వినువాడు ఎవ్వడో ఎరిగి మాటలాడుట అవసరము.

ఈ విషయమును ఇంత విస్తరించుటకు కారణము కలదు. పల్లెబడిలో తెలుగుమాధ్యమమున చదివి, కష్టించి పెద్దపెద్ద ఆంగ్లపదములు నేర్చి ఉద్యోగపరీక్షకు పోయిన పిల్లవాడు, ప్రశ్నించు అధికారి నోట వచ్చిన రెండు చిన్నమాటలు అందక తలవంచుకొనుట అరుదు కాదు. తనకు ఆంగ్లము రాదని, ఇక రాదని నిశ్చయించుకొని ఇంటికి తిరిగివచ్చును. నిజమునకు వానికి రాజసభ భాష వచ్చును. రానిది రైతుల భాష. సేద్యగాని ఇంట పుట్టిన పిల్లవానికి సేద్యగాండ్ర మాటలే అందకపోవుట చరిత్ర చేసిన వింత. నార్మనుల ఏలుబడిలో మూడు వందల ఏండ్లు వంటయిండ్లలోను, పొలములలోను దాగి బ్రతికిన ఆ చిన్నమాటలు పామరజనుల సొత్తు. వానిని నేర్చుకొనుటకు గొప్ప కుటుంబముగాని, ఖరీదైన బడిగాని అక్కరలేదు. రోజునకు ఒక్కటి చొప్పున, విన్న వాక్యముతో సహా నోటుపుస్తకమున వ్రాసికొని, పదిమార్లు పైకి పలికిన చాలును. ఏడాది తిరుగునప్పటికి మూడువందల పైచిలుకు కూర్పులు వశమగును. దినసంభాషణకు అవి చాలును.